నవజీవన్ దిగాక ఎక్కడికి? సూరత్‌లో వేసవి పని, పల్సానాలో అద్దె గది

వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు బల్లార్షా, వార్ధా, భుసావల్, జల్‌గావ్ దాటి సూరత్ చేరతారు. సూరత్ రావడానికి కాస్త ముందు రైలు బార్డోలి, చల్థాన్ స్టేషన్ల గుండా వెళుతుంది. రెండు పక్కలా చెరకు తోటలు, వాటి మధ్య అక్కడక్కడా మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. చల్థాన్ ఉన్నది పల్సానా తాలూకాలో. పరీక్షలు ముగించుకుని రెండు నెలలు పని చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుందామని బయలుదేరిన కుర్రాడికి పని దొరికేది చాలాసార్లు ఆ పొగగొట్టాల కిందే. కానీ రైలు అక్కడ ఖాళీ కాదు, సూరత్‌లో అవుతుంది. దిగినవాడు వెనక్కి తిరిగి పాతిక కిలోమీటర్లు రావాలి. పని ఒకచోట, తెలిసినవాళ్లు ఇంకోచోట. సూరత్ వేసవి ఉపాధిలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాలోని డల్లాస్‌కు వెళ్లే తెలుగు విద్యార్థికి అక్కడ గది అద్దె ఎంత, చదువు సాగుతుండగా వారానికి 20 గంటలకు మించి క్యాంపస్ పని ఎందుకు చేయకూడదు అన్నది విమానం ఎక్కకముందే తెలుసు. కడోదరా వెళ్లే విద్యార్థికి అందులో పదో వంతు సమాచారం కూడా చేతిలో ఉండదు. మేనమామో, అదే వాడకు చెందిన ఎవరో ఫోన్లో చెప్పిన రెండు మాటలే ఆధారం. "వచ్చెయ్, పని ఉంది" అన్న మాటలో పని గంటలెన్ని, గది ఎవరిది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉండదు.

సూరత్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలీలు షోలాపూర్, భివండీ, ముంబయిలకు వెళ్లిన దారిలోనే సూరత్‌కూ చేరారు. నిజాం కాలంలో 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో పూర్తిగా మూతపడింది. చేనేతకు అంతకుముందే గడ్డురోజులు వచ్చాయి. అదే కాలంలో సూరత్‌లో పాలియెస్టర్ మరమగ్గాలు పెరుగుతూ పోయాయి. లింబాయత్, ఉధ్నా వైపు తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఈ వలస ఎంత పాతదో అర్థమవుతుంది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. సూరత్‌లోనూ దాదాపు అదే మాట. సిరిసిల్ల నుంచి వెళ్లినవాడికి ఊరు మారుతుంది గానీ చెవుల్లో చప్పుడు మారదు.

వేసవిలోనే ఎందుకు?

పల్సానా చౌరస్తా దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే 48వ నంబరు. రెండోది హజీరా రేవు నుంచి ఒడిశాలోని పారాదీప్ దాకా సాగే 53వ నంబరు. సూరత్ మగ్గాల మీద పనిచేసేవారిలో ఒడిశా కార్మికులది, అందులోనూ గంజాం జిల్లా వారిది పెద్ద వాటా. రంగులద్దే మిల్లుల్లో ఉత్తరప్రదేశ్, బిహార్, జార్ఖండ్ వారు ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వీళ్లలో చాలామంది సొంతూళ్లకు వెళతారు. పెళ్లిళ్లు, కోతలు, పిల్లల సెలవులు అన్నీ ఆ నెలల్లోనే. ఉధ్నా, సూరత్ స్టేషన్లలో ఏటా వేసవిలోనూ దీపావళికీ కనిపించే తొక్కిసలాట దీనికి బయటి గుర్తు. రైల్వే ప్రత్యేక రైళ్లు వేసినా ప్లాట్‌ఫాం మీద క్యూలు తగ్గవు.

వెళ్లినవాళ్లు రాత్రికి రాత్రి తిరిగి రారు. మిల్లు మాత్రం ఆగకూడదు. అందుకే మే నెలలో మిల్లు గేట్ల దగ్గర కార్మికులు కావాలన్న బోర్డులు వేలాడతాయి, కాంట్రాక్టర్లు ఎవరు దొరికితే వాళ్లను తీసుకుంటారు. తెలంగాణలో జూనియర్ కాలేజీలకు సెలవులు ఉండేదీ ఈ నెలల్లోనే. ఒకరి సెలవు ఇంకొకరికి ఖాళీ అవుతుందన్నమాట. దీపావళి సెలవులకు వెళ్తే లాభం లేదు. అప్పుడు మిల్లులే మూతపడి లాభపంచమి దాటాక గానీ తెరుచుకోవు.

అయితే ఈ ఖాళీ ఎలాంటి పనిలో ఉంటుందన్నది చూడాలి. సూరత్‌లో గుడ్డ ఒక్కచోట తయారుకాదు. నూలు ఒకచోట, నేత ఇంకోచోట, రంగు మరోచోట, అమ్మకం రింగ్ రోడ్డు మార్కెట్లలో. సాంచా నడపడం రెండు నెలల్లో వచ్చే విద్య కాదు. ఒక్కో నేతగాడు ఒకేసారి అనేక మగ్గాలు చూసుకోవాలి, కూలి మీటర్ల లెక్కన వస్తుంది. కొత్తవాడిని అక్కడ పెడితే యజమానికీ నష్టమే, అతనికీ నష్టమే. సిరిసిల్లలో ఇంటి దగ్గర సాంచాల మధ్య పెరిగినవాడి సంగతి వేరు. వార్పిన్, వైపని తెలిసినవాడు ఆ మాట మొదటే చెప్పుకుంటే మంచిది. సహాయకుడి కూలికీ పని తెలిసినవాడి కూలికీ తేడా అక్కడే పడుతుంది.

మిగిలినవారికి ప్రధానంగా దొరికేది రంగుల మిల్లులో సహాయకుడి పని. పల్సానా, కడోదరా, జోల్వా, తాంతిథైయా, వరేలి గ్రామాల చుట్టూ ఈ మిల్లులు గుమిగూడాయి. మగ్గం మీదినుంచి దిగిన కోరా గుడ్డను ఇక్కడ ఉతికి, రంగేసి, అచ్చు కొట్టి, ఆరబెట్టి, మడతపెట్టి పంపుతారు. గుడ్డ తాకాల లెక్కన వస్తుంది. మనం తాను అనే మాటకు అది దగ్గర. తానుల కట్టలు విప్పడం, కొసలు కలిపి కుట్టడం, యంత్రంలోకి అందించడం, తడి గుడ్డను లాగడం, మడతలు వేయడం, పార్సిళ్లు మోయడం సహాయకుడి పనులు. పాలియెస్టర్‌కు రంగు పట్టాలంటే సుమారు 130 డిగ్రీల వేడి కావాలి. తర్వాత స్టెంటర్ అనే పొడవాటి యంత్రంలో గుడ్డను సాగదీసి 180 నుంచి 200 డిగ్రీల దగ్గర స్థిరపరుస్తారు. బయట సముద్రతీరపు ఉక్కపోత, లోపల ఈ వేడి. మే నెలలో స్టెంటర్ పక్కన ఎవరు నిలబడతారన్నది వయసు, అనుభవం కాదు, ఎవరు కొత్తవాళ్లన్న దాన్ని బట్టి తేలుతుంది. వెళ్లేవాడు మడతల విభాగమో, ప్యాకింగో అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఎంబ్రాయిడరీ యూనిట్లలో దారాలు కత్తిరించే పని, రింగ్ రోడ్డు మార్కెట్లలో పార్సిల్ పని కూడా వేసవిలో దొరుకుతాయి. వజ్రాల సానపెట్టే పని గురించి సూరత్ పేరు వినగానే అందరూ అడుగుతారు. అది ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సినది, వేసవి పని కాదు.

వయసు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఇంటర్ మొదటి సంవత్సరం రాసిన పిల్లాడికి పదహారో పదిహేడో ఉంటాయి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు, రాత్రిపూట పని చేయించకూడదు. రాత్రి షిఫ్టు, రసాయనాలు, ఆవిరి గొట్టాలు ఉన్న మిల్లు అతనికి చోటు కాదు. ఆధార్‌లో వయసు చూసి కూడా తీసుకునే కాంట్రాక్టర్ ఉంటే, ఏదైనా జరిగిన రోజున ఆ పిల్లాడు అసలు మా దగ్గర పనిచేయలేదని చెప్పేదీ అతనే.

హాజరీ అంటే ఎన్ని గంటలు?

సూరత్ మిల్లుల్లో రోజు కూలిని హాజరీ అంటారు. రెండు నెలల కోసం వచ్చేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న హాజరీ ఎంత అని కాదు, హాజరీ ఎన్ని గంటలకు అని. చాలా మిల్లులు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి, ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు, రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు. ఒక్క హాజరీ అంటే అక్కడ 12 గంటలు. కొత్తవాడు ఎనిమిది గంటలనుకుని ఒప్పుకుంటాడు.

గుజరాత్ ప్రభుత్వం 2023లో కనీస వేతనాలు సవరించినప్పుడు నగర ప్రాంతానికి నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 452 రూపాయల మూల వేతనం నిర్ణయించింది. దానిపైన ఆరు నెలలకోసారి మారే ప్రత్యేక భత్యం కలుస్తుంది. ఆ మూల వేతనం ఎనిమిది గంటల పనికి. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి. లెక్క చాలా తేలిక. 452ను ఎనిమిదితో భాగిస్తే గంటకు 56 రూపాయల 50 పైసలు. నాలుగు గంటలు అదనంగా చేస్తే, రెట్టింపు చొప్పున మళ్లీ 452. అంటే 12 గంటల హాజరీకి చట్టం ప్రకారం రావాల్సింది ఒక రోజు కూలి కాదు, రెండు రోజుల కూలి. భత్యం కలపకుండానే 904. కాంట్రాక్టర్ చెప్పే అంకెను దీని పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

ఈ రెట్టింపు మీద గుజరాత్‌లో పెద్ద పోరాటమే జరిగింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 12 గంటల పనికి అనుమతిస్తూ, అదనపు గంటలకు మామూలు కూలే చాలంటూ ఉత్తర్వు ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ వేసిన కేసులో 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 జూలైలో గుజరాత్ మళ్లీ ఆర్డినెన్స్ తెచ్చి రోజుకు 12 గంటల వరకు పని చేయించవచ్చంది. అయితే వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, అదనపు గంటలకు రెట్టింపూ ఉంది. మూడు నెలల్లో అదనపు పనికి గరిష్ఠ పరిమితిని 75 గంటల నుంచి 125కు పెంచారు. వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటలు చేస్తే వారానికి 72 గంటలవుతాయి. అదనం 24. అంటే ఆరో వారంలోకి అడుగుపెట్టేసరికి ఆ మూడు నెలల కోటా అయిపోతుంది. ఆ తర్వాతి పని చట్టం లెక్కలో లేని పని. లెక్కలో లేని పనికి కూలి అడగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

సాధారణంగా కార్మికుడి పేరు మిల్లు రికార్డులో కాదు, కాంట్రాక్టర్ చేతి పుస్తకంలో ఉంటుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 వరకు సంపాదించే వారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రెండు నెలల కోసం ఇదంతా ఎందుకని కుర్రాళ్లు కూడా వద్దంటారు. కానీ పనిలో దెబ్బ తగిలితే ఈఎస్‌ఐ పరిహారానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. మొదటి రోజు వేలు నలిగినా వర్తిస్తుంది, పేరు ఎక్కి ఉంటే. పేరు ఎక్కకపోతే మిగిలేవి చిన్న చిన్న ఆధారాలే. గేట్ పాస్, హాజరు పుస్తకం పేజీ ఫొటో, కాంట్రాక్టర్‌తో వాట్సాప్ మాటలు, బ్యాంకు ఖాతాలో పడ్డ ఖర్చీ. వారం వారం ఇచ్చే అడ్వాన్సును అక్కడ ఖర్చీ అంటారు. అది చేతికి కాకుండా ఖాతాలో వేయమని అడగడం వల్ల పోయేదేమీ లేదు.

గది ముందా, పని ముందా?

అమెరికా వెళ్లేవాళ్లకు గది ముందు చూసుకోమంటారు. పల్సానాలో అది తిరగబడుతుంది. ఏ మిల్లులో పని దొరికిందో తెలియకుండా గది తీసుకుంటే, 12 గంటల షిఫ్టు పైన రోజూ గంటన్నర ప్రయాణం నెత్తిన పడుతుంది. అందుకని మొదటి నాలుగైదు రోజులు లింబాయత్‌లో తెలిసినవారి ఇంట్లో గడిపి, పని కుదిరాక మిల్లు దగ్గర గది వెతుక్కోవడం నడిచే దారి. తెలిసినవారు ఎవరూ లేకుండా సూటిగా వెళ్లేవాడికి కాంట్రాక్టర్ చూపిన చోటే దిక్కవుతుంది. పనీ, గదీ ఒకే మనిషి చేతిలో ఉంటే కూలి గురించి గొడవపడిన రోజే పడక కూడా పోతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ దొరికే ఆవాసాలు మూడు నాలుగు రకాలు. మిల్లు ఆవరణలోనే రేకుల షెడ్లు, గదులు ఉంటాయి. అద్దె ఉండదు లేదా నామమాత్రం. కానీ రాత్రి రెండింటికి యంత్రం దగ్గర మనిషి తగ్గితే లేపేది అక్కడ పడుకున్నవాడినే. రెండో రకం, ఊళ్లలో స్థానిక భూస్వాములు కట్టిన వరుస గదులు. ఒక్కో వరుసలో పది, ఇరవై గదులు, చివర ఉమ్మడి మరుగుదొడ్లు, బోరు నీళ్లు. మూడోది నగరంలో మగ్గాల ప్రాంతాల్లో ఒడిశా కార్మికులు నడుపుకునే మెస్‌లు. పెద్ద హాల్లో పడక, రెండు పూటల భోజనం కలిపి నెలకింత. పగటి షిఫ్టు వాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టు వాడు పడుకుంటాడు. సెలవు రోజున ఇద్దరికీ చోటు ఉండదు. తెలుగు కుర్రాళ్లు మెస్‌కు అంత త్వరగా అలవాటు పడలేరు, తిండి దగ్గరే పేచీ వస్తుంది. కానీ రెండు నెలలకు గిన్నెలు, స్టవ్వు కొనే ఖర్చు కలిపితే మెస్సే చవక అవుతుంది.

వరుస గదిలో అద్దె ఒక్కటే ఖర్చు కాదు. ఉదాహరణకు గది అద్దె 4,000 అనుకుందాం. నలుగురు పంచుకుంటే తలకు వెయ్యి అనిపిస్తుంది. కరెంటుకు ఇంటి యజమాని తన సొంత మీటరు రేటు వేస్తాడు, అది కంపెనీ రేటు కంటే ఎక్కువే ఉంటుంది. వేసవిలో ఫ్యాను ఆగదు. అడ్వాన్సు ఒక నెల అడుగుతారు. రెండు నెలల కోసం వచ్చినవాడికి ఒక నెల అడ్వాన్సు అంటే అద్దె ఒకటిన్నర రెట్లు అయినట్టే, దాన్ని చివరి నెల అద్దెలో సర్దుకుంటామని ముందే మాట తీసుకోకపోతే. కొన్ని వరుసల్లో కిరాణా సామాను యజమాని దుకాణంలోనే కొనాలన్న షరతు కూడా ఉంటుంది. అద్దె తక్కువ, ఉప్పూ పప్పూ ధర ఎక్కువ. అద్దెకున్నవారి వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాల్సింది యజమానే. ఆధార్ జిరాక్స్ ఇస్తే చాలు, అసలు కార్డు ఎవరి దగ్గరా వదిలిరాకూడదు.

రేషన్ కార్డు సంగతి కొద్దిమందికే గుర్తుంటుంది. 2019 ఆగస్టులో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ప్రయోగం మొదలైంది రెండు జంటల రాష్ట్రాల్లో. ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది గుజరాత్, మహారాష్ట్ర. ఇప్పుడు దేశమంతటా ఉంది. జాతీయ ఆహార భద్రత చట్టం కింద వచ్చిన కార్డు అయితే కుటుంబం వాటాలో కొంత పల్సానా చౌక దుకాణంలో తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో ఇంటివాళ్లు తీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకు మాత్రం రాష్ట్రం దాటితే ఇది వర్తించదు. బయలుదేరే ముందు ఊళ్లోని డీలర్‌ను అడిగితే ఏ రకం కార్డో చెబుతాడు.

చవక గది వెనక ఉన్న అసలు లెక్క వేరు. 2024 జూలై 6న సూరత్ శివారు సచిన్ పాలి గ్రామంలో ఆరంతస్తుల భవనం కూలి ఏడుగురు చనిపోయారు. పక్కనున్న పారిశ్రామికవాడ కార్మికులు అద్దెకుండే భవనమది. కట్టి పదేళ్లు కూడా కాలేదు. 2022 జనవరిలో అదే సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్ నుంచి వదిలిన రసాయనం విషవాయువై ఆరుగురిని బలి తీసుకుంది. 2021 అక్టోబర్ 18న పల్సానా తాలూకా వరేలిలో ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ తెల్లవారుజామున తగలబడితే ఇద్దరు చనిపోయారు, వందమందికి పైగా కార్మికులను క్రేన్లతో కిందికి దించారు. అసలు గదే లేనివాళ్ల కథ 2021 జనవరి 19 నాటిది. కోసంబా దగ్గర కిమ్–మాండ్వీ రోడ్డు పక్కన నిద్రిస్తున్న కూలీల మీదికి లారీ దూసుకుపోయి 15 మంది చనిపోయారు. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా నుంచి పనికి వచ్చినవాళ్లు వాళ్లు.

అందుకే అద్దె అడిగే ముందు మెట్లు చూడాలి. దిగడానికి ఒక్కటే దారి, ఆ దారిలో గ్యాస్ సిలిండర్లు ఉంటే అక్కడ ఆగకూడదు. గోడలకు బీటలు, కిటికీ లేని గది, కింద అంతస్తులో గోదాము, వెనక మిల్లు మురుగు కాలువ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వేరేచోటు వెతుక్కోవడం మేలు. నెలకు మూడు నాలుగొందలు ఎక్కువైనా సరే.

నగరం గీత దాటితే

1994 సెప్టెంబర్‌లో సూరత్‌ను ప్లేగు భయం ముంచెత్తినప్పుడు లక్షలాది మంది నగరం వదిలి పారిపోయారు. వాళ్లలో వలస కార్మికులే ఎక్కువ. మరుసటి ఏడాది నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త, మురుగు, అక్రమ కట్టడాల మీద విరుచుకుపడ్డారు. కొన్నేళ్లలోనే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాకెక్కింది. ఆ పేరు ఇప్పటికీ నిలబడే ఉంది. కానీ అది నగరపాలక సంస్థ హద్దుల దాకానే. మిల్లులు ఆ హద్దు దాటి పల్సానా తాలూకా ఊళ్లకు విస్తరించాయి, వాటి వెంటే కార్మికులూ వచ్చారు. చెరకు పండించే గ్రామాల కోసం ఏర్పడిన పంచాయతీల మీద ఇంత జనం బరువు పడింది. డచ్ సామాజికశాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల నుంచి దక్షిణ గుజరాత్ పల్లెల్లో ఇదే సంగతి రాస్తూ వచ్చారు. వలసకూలీ వస్తాడు, పని చేస్తాడు, ఊరి లెక్కలో మాత్రం ఉండడు.

2020 మే 4న ఇది ప్రపంచానికి కనిపించింది. లాక్‌డౌన్‌లో పని, కూలి లేక గదుల్లో ఇరుక్కున్న వందలాది కార్మికులు తమను ఊళ్లకు పంపమంటూ వరేలి దగ్గర రోడ్డెక్కారు. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. రెండు నెలల తర్వాత, 2020 జూలైలో కేంద్రం చవక అద్దె ఇళ్ల పథకానికి ఆమోదం తెలిపింది. పాత పథకాల కింద కట్టి ఖాళీగా పడివున్న ఇళ్లను వలస కార్మికులకు అద్దెకివ్వడం అందులో మొదటి పద్ధతి. సూరత్‌లో అలా మార్చినవి 393 ఇళ్లు. లక్షల్లో వలసజనం ఉన్న నగరానికి ఈ అంకె ఎంత చిన్నదో చెప్పడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 2024లో గుజరాత్ ప్రభుత్వం రోజుకు ఐదు రూపాయలకే బస ఇచ్చే శ్రామిక్ బసేరా పథకం మొదలుపెట్టింది. అది నిర్మాణ కార్మికులకు. మిల్లు సహాయకుడికి అందులో చోటు లేదు.

చట్టంలో ఉన్నది కూడా తగ్గుతూ వచ్చింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టర్ తీసుకొచ్చిన కార్మికుడికి నెల కూలిలో సగం స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులివ్వాలి, తగిన బస చూపాలి. ఆచరణలో ఆ భత్యం చేతికందినవారు అరుదు. దాని స్థానంలో వచ్చి 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్‌లో ఆ భత్యం మాటే లేదు. ఒక మేలు మాత్రం ఉంది. కాంట్రాక్టర్ ద్వారా కాకుండా సొంతంగా వచ్చి పనిలో చేరిన, నెలకు 18,000 వరకు సంపాదించేవారిని కూడా అది వలస కార్మికులుగా గుర్తిస్తుంది. నవజీవన్ దిగి సొంతంగా మిల్లు గేటు దగ్గరికి నడిచిన తెలుగు కుర్రాడు కాగితం మీదైనా లెక్కలోకి వచ్చింది ఇప్పుడే.

ఆడపిల్లల సంగతేమిటి?

ఇప్పటిదాకా చెప్పినదంతా మగపిల్లల గురించే. దానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల్లో సూరత్ జిల్లాలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 787 మంది స్త్రీలే ఉన్నారు. గుజరాత్‌లో అన్నిటికంటే తక్కువ. ఒంటరి మగవాళ్ల వలస ఎంతగా ఉందో ఈ అంకె చెబుతుంది. పల్సానా వరుస గదుల్లో ఒంటరిగా ఉండి మిల్లుకు వెళ్లడం కాలేజీ అమ్మాయికి సాధ్యమయ్యే పని కాదు. వాళ్లు వెళ్లేది లింబాయత్‌లోని అత్త ఇంటికో, పెద్దమ్మ ఇంటికో. అక్కడ ఇంట్లోనే పని దొరుకుతుంది. చీరలకు రాళ్లు అతికించడం, లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం, అన్నీ చీరకింత అనే లెక్కన. గది అద్దె ఉండదు, ప్రమాదం తక్కువ. కూలి మాత్రం రోజంతా కూర్చున్నా మిల్లు హాజరీలో చిన్న భాగమే. కరెంటు ఇంటివాళ్లది, దారం కూడా చాలాసార్లు ఇంటివాళ్లదే. రాసిచ్చిన కాగితం ఏమీ ఉండదు కాబట్టి ఎన్ని చీరలు పూర్తయ్యాయో రోజూ తేదీ వేసి రాసుకోవడం ఒక్కటే రక్ష. కాస్త ఇంగ్లీషు, కంప్యూటర్ వచ్చిన అమ్మాయిలకు రింగ్ రోడ్డు మార్కెట్ దుకాణాల్లో బిల్లింగ్, ఆన్‌లైన్ ఆర్డర్ల పని మెరుగు. అక్కడ పగటి పూటే పని.

ఊరికే తిరిగొచ్చే దారి

ఇంత దూరం ఎందుకు వెళ్లాలన్న ప్రశ్న తెలంగాణలో ఎవరూ అడగలేదని కాదు. 2017 అక్టోబర్ 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేసినప్పుడు సూరత్, భివండీ, షోలాపూర్ వెళ్లిన నేతన్నలను వెనక్కి తేవడమే ఉద్దేశమన్నారు. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ ఒకటి. అదే జాబితాలో గుజరాత్‌లోని నవసారీ కూడా ఉంది, పల్సానాకు దక్షిణాన పక్క జిల్లా. వరంగల్ పార్కుకు వచ్చిన కిటెక్స్, యంగ్‌వన్ లాంటివి ప్రధానంగా దుస్తులు కుట్టే కంపెనీలు. అవి ఉద్యోగాలు ఇస్తాయి, అందులో స్త్రీలకు ఎక్కువ. సాంచా మీద చేయి తిరిగినవాడు కుట్టుమిషన్ దగ్గరికి రావాలంటే అతను మళ్లీ సహాయకుడిగా మొదలుపెట్టాల్సిందే. లింబాయత్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్లలను అక్కడే చదివించుకున్న కుటుంబం అందుకోసం తిరిగి రాదు. వేసవిలో వచ్చే మేనల్లుడికి ఆ ఇల్లే మొదటి మజిలీ అవుతూ ఉంటుంది.

ఆ మేనల్లుడి కష్టమంతా చివరికి తేలేది జూన్‌లో. సూరత్‌లో నెల జీతాన్ని పగార్ అంటారు. మే నెల పగార్ జూన్ ఏడు, పది మధ్య ఇస్తారు, కొన్ని మిల్లుల్లో పదిహేను దాటుతుంది. తెలంగాణలో జూనియర్ కాలేజీలు జూన్ మొదట్లోనే తెరుస్తారు. డబ్బు చేతికి రాకముందే టికెట్ తేదీ వస్తుంది. "ఊరెళ్లు, ఖాతాలో వేస్తా" అని కాంట్రాక్టర్ అంటాడు. వేసేవాళ్లూ ఉన్నారు. వేయకపోతే అంత దూరం నుంచి ఫోన్ చేయడం తప్ప కుర్రాడు చేయగలిగేది తక్కువ. కాంట్రాక్టర్‌కూ అది తెలుసు. ఈలోగా ఊళ్లకు వెళ్లిన పాత కార్మికులు తిరిగి వచ్చేస్తారు, ఇతని అవసరం తీరిపోతుంది.

వేతనాల కోడ్ ప్రకారం పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బివ్వాలి. ఈ నిబంధన తెలిసిన కాంట్రాక్టర్లు తక్కువ, తెలిసిన కార్మికులు ఇంకా తక్కువ. వెళ్లే తేదీని చేరిన రోజే చెప్పి, చివరి పది రోజుల ముందు మరోసారి వాట్సాప్‌లో రాసి పెడితే అది మానేస్తున్నట్టు నోటీసు కింద పనికొస్తుంది. ఖర్చీగా తీసుకున్నదెంత, హాజరీలు ఎన్ని, మిగిలిందెంత అన్నది ఒక కాగితం మీద కాంట్రాక్టర్ చేత సంతకం పెట్టించుకోవాలి, కుదరకపోతే అతని చేతి పుస్తకం పేజీ ఫొటో తీసుకోవాలి. అది ఉంటే సూరత్‌లోని సహాయ కార్మిక కమిషనర్ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. వలస కార్మికుల కూలి తగాదాలు చూసే ఆజీవికా బ్యూరో లాంటి సంస్థలు కూడా మొదట అడిగేది ఆ కాగితమే. లింబాయత్‌లో ఉన్న మేనమామ ఆ కాగితం పట్టుకుని తన సెలవు రోజున మిల్లు గేటు దగ్గరికి వెళ్లగలడు. చాలా డబ్బులు అలాగే వసూలవుతాయి.

అన్నిటికంటే సులువైనది టికెట్ తేదీ మార్చుకోవడం. పగార్ పదో తేదీన అయితే పన్నెండో తేదీ నవజీవన్‌కు టికెట్ తీసుకోవడం. కాలేజీలో మొదటి వారం పోతుంది. మే నెల కూలి మొత్తం పోవడం కంటే అది చిన్న నష్టం. అయితే వేసవి చివర్లో ఆ రైలుకు అప్పటికప్పుడు బెర్తు దొరకదు కాబట్టి, తిరుగు ప్రయాణం టికెట్ వరంగల్‌లో ఎక్కేముందే కొనుక్కోవాలి. అంటే పగార్ తేదీ ఏమిటో ఊళ్లో ఉండగానే ఫోన్లో అడిగి తెలుసుకోవాలి.